సైరన్ కాడ ఎడమకు

మా తోటికోడలిది సిరికొండ. బీకాం చదివి, పెళ్లయి, ఇద్దరు పిల్లల వెనక పరుగెత్తి, ఇప్పుడు మళ్లీ ఉద్యోగం చేస్తానంటోంది. కంప్యూటర్ ముట్టుకుని చాలా ఏళ్లయింది కదా, ముందు చేయి తిరగాలని నేను సలహా ఇచ్చాను. సలహాలివ్వడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు.

నిజామాబాద్‌లో మా హాల్లో కూర్చుని తీరిక దొరికినప్పుడల్లా నేనొక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు పనిచేస్తుంటాను. అది తెలుగులో రాసిందాన్ని పైకి చదివి వినిపిస్తుంది. దానికి యజమాని లేడు, మాకు జీతం లేదు, ఎవరైనా వచ్చి బాగుచేయవచ్చు. "నువ్వు గూడ మాతోని చెయ్యి. ఎట్ల మొదలుపెట్టాల్నో సైట్ పేజీలల్ల అన్నీ రాసిపెట్టిండ్రు. సదువుకుంట పో, అయిపోతది" అన్నాను.

అవ్వలేదు. వారమంతా తిప్పలు పడింది. పేజీలో నొక్కమన్న బటన్ తెర మీద ఎక్కడా లేదు. నేను ఓపిక పట్టమన్నాను. చివరికి "నా బుర్ర మొద్దుబారింది అక్కా. ఉద్యోగం గిద్యోగం వద్దు" అని లాప్‌టాప్ మూసేసింది. నాకు బాధేసింది.

ఆ ఆదివారమే బోధన్‌లో మా పిన్ని గృహప్రవేశం. దారి మా నాన్న, మేం బాపు అంటాం, ఫోన్లో చెప్పాడు.

"ఫ్యాక్టరీ సైరన్ గట్టిగ ఇనొచ్చే కాడ ఎడమకు మళ్లుండ్రి. చెరుకు బండ్లు ఆగే కాడ కుడికి. గంతే."

చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. ఆ సైరన్ ఇప్పుడు మా బాపు చెవుల్లోనే మోగుతోంది. బండ్లు ఆగిన చోట సెల్‌ఫోన్ దుకాణాలున్నాయి. మా స్కూటీ ఊరంతా తిరిగి ఎవరిదో సీమంతం పందిరి ముందు ఆగింది. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి లడ్డూలు కూడా పెట్టారు.

"మనం దారి తప్పలేదక్కా, బాపే తప్పు చెప్పిండు" అని మా తోటికోడలు లడ్డూ నములుతూ నవ్వింది. ఉన్నట్టుండి నవ్వాపింది. "గా పేజీ గూడ గిట్లనేనా?"

ఇంటికొచ్చి ఇద్దరం చూశాం. అలాగే ఉంది. ఆ బటన్‌ను ఎప్పుడో తీసేశారు, పేజీ మాత్రం ఇంకా దాన్నే నొక్కమంటోంది. సగం పేజీల సంగతి అంతే. "ప్రస్తుతానికి ఇలా చేయండి" అని రాసినవాళ్లు ఆ ప్రస్తుతాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. తీసేస్తామంటే మా సాఫ్ట్‌వేర్ బృందంలో పాత సభ్యుడొకాయన "పాపం, ఎవరో కష్టపడి రాశారు, ఉండనివ్వండి" అన్నాడు. పాడైన మిక్సీని అటక మీద దాచుకునే రకం అయి ఉంటాడు.

మా తోటికోడలు ఒప్పుకోలేదు. కొంగు బిగించింది. చెప్పిన ప్రతిదీ తానే చేసి చూసి, కుదరనిది కొట్టేసి, కుదిరేది రాసింది. ఆమె లాప్‌టాప్ మొదటిసారి నోరు విప్పి మా బాపు పంపిన గుడ్‌మార్నింగ్ మెసేజ్ చదివినప్పుడు ఇద్దరం చప్పట్లు కొట్టాం. మర్నాడే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది.

పేజీ పైన ఒక మాట కూడా చేర్చింది. "ఇక్కడ చెప్పినట్టు చేసినా కుదరకపోతే తప్పు మీది కాదు, మాది. మాకు చెప్పండి."

"గిసొంటియి ఎవరు రాస్తరే!" అని ఆటపట్టించాను.

ఆమె నవ్వలేదు. "ఆ వారమంత గీ మాట నువ్వంటవేమో అని ఎదురుసూసిన అక్కా" అంది.