లోగన్ను

గని కార్మికులుండే కోరమండల్ లైన్లలో బట్టలు కుట్టే నాన్సీకి తండ్రి విల్సన్ మిగిల్చి పోయింది ఒక్క నోటుబుక్కు. ముప్ఫయ్యేళ్లు గనిలో దిగిన మనిషి, లోపల కార్మికులు వాడే మాటలన్నీ అందులో రాసుకున్నాడు. కాలేజీలో తెలుగు చెప్పే మోహన్‌కుమార్ చూసి ఇస్తానని పట్టుకెళ్లి, ఆ మాటలన్నిటినీ తన పేరుతో వ్యాసంగా అచ్చు వేయించుకున్నాడు. విల్సన్ పేరు ఎక్కడా లేదు.

నాన్సీ పోట్లాడలేదు. మనసులో పెట్టుకుంది.

ఏడాది తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. "పుస్తకం రాస్తా ఉండాను నాన్సీ. బండ కూలకముందే కొందరికి తెలిసిపోయేదంట కదా, దానికి మీ నాయన ఏం మాట వాడతా ఉండినాడు?"

ఆ మాట ఎరుక. ఊరంతా వాడే మాటేనని విల్సన్ దాన్ని నోటుబుక్కులో రాయలేదు. కానీ ఆయన నోట దాని బరువు వేరు. "తెలివి బండను చూసినాక వస్తుంది పాపా. ఎరుక చూడకముందే వస్తుంది" అనేవాడు. "నాకు ఎరుకయింది, పైకి రాండి" అని ఆయన అరిచిన రోజు ఐదుగురు బతికారు.

"లోగన్ను, సార్" అంది నాన్సీ. లోపలి కన్ను అనే అర్థం వచ్చేలా అప్పటికప్పుడు పుట్టించిన మాట.

మోహన్‌కుమార్ పుస్తకానికి ఆ పేరే పెట్టాడు. ఆండర్సన్‌పేటలో ఆవిష్కరణ. గనిలో పనిచేసిన ముసలివాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, "ఈ మాటను వీళ్ల నోటే విన్నాను" అన్నాడు మైకులో.

నాన్సీ లేచింది. "ఎవరి నోట సార్? చూపించండి."

ఆయన గుండప్ప వైపు చెయ్యి చూపించాడు. విల్సన్ కేకకు బతికి బయటపడ్డ ఐదుగురిలో గుండప్ప ఒకడు.

"నేనా? ఈ మాట ఇప్పుడే వింటా ఉండాను సామీ" అన్నాడు గుండప్ప. పక్కవాళ్లూ తల అడ్డంగా ఊపారు.

"యాడ వినుంటారు? నేను పుట్టించినాను" అంది నాన్సీ. "మా నాయన మాటలు తీసుకున్నారు కదా, ఇంగ నాదీ ఉంచుకోండి."

హాలంతా గొల్లున నవ్వింది. మోహన్‌కుమార్ పుస్తకాన్ని బల్ల మీద బోర్లించాడు. ఆయన ముఖాన్ని నాన్సీ కళ్లారా చూసింది. జాలి రాలేదు, రానివ్వలేదు.

వారానికి ఆయన ఆమె గడప దగ్గరికి వచ్చాడు. గుండప్పను అడిగితే విల్సన్ కూతుర్నే అడగమన్నాడట.

"తప్పయిందమ్మా. మళ్లీ అచ్చేసేటప్పుడు మీ నాయన పేరు వేస్తాను. అసలు మాటేంది?"

"ముందే వేసుంటే చెప్పుండేదాన్ని సార్."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. నాన్సీ ఒక చిన్నపిల్ల గౌను సూది కింద పెట్టి మిషను తొక్కడం మొదలుపెట్టింది.