మా అమ్మ కాలు, నా రిఫండు

మా అమ్మ కాళ్ళ గురించి ముందు చెప్పాలి. ఆవిడకి అరవై దాటాయి. రోజూ పొద్దున్నే అనకాపల్లిలో మా అద్దింటి రెండో అంతస్తు దిగి, ఆటో ఎక్కి, ఊళ్ళో మా ఎకరం చెరకు చూసుకుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఆ మెట్లన్నీ మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసపడేది నేను. నేను పరవాడలో ఒక మందుల కంపెనీలో కెమిస్టుని. "ఏసీ గదుల్లో కూకుని కూకుని నీ కాళ్ళు సచ్చిపోనాయిరా" అని ఎగతాళి చేస్తుంది.

అలాంటి మనిషికి ఎనభై శాతం అంగవైకల్యం ఉందని, ఆవిడ పోషణ భారం నాదేనని నేను ఆదాయపు పన్ను వాళ్ళకి రాసిచ్చాను. రాసిచ్చినట్టు రెండేళ్ళ దాకా నాకే తెలీదు.

ఇదంతా మా కంపెనీ బస్సులో మొదలైంది. మా బస్సులో ఏదైనా అందరం కలిసే చేస్తాం. బియ్యం బస్తాలు, చీటీలు, పిల్లల స్కూళ్ళు, చివరికి పళ్ళ డాక్టరు కూడా. ఒకడు బాగుందంటే నలభైమందిమీ అటే. అలాగే ఒక జీతాల రోజున లాప్‌టాప్ సంచీతో ఒకతను బస్సు ఆగే చోటికి వచ్చాడు. రిటర్నులు వేస్తాడట, రిఫండు వస్తే అందులో పదో వంతు అతనికట. నేను వెనకాడుతుంటే పక్క సీటాయన "అందరికీ వచ్చింది బావా, నువ్వొక్కడివే వదిలేత్తావేటి?" అన్నాడు. ఆ మాట చాలు మా బస్సులో.

పాన్ కార్డు, కంపెనీ ఇచ్చిన ఫారం, పోర్టల్ పాస్‌వర్డు ఇచ్చేశాను. అతను నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అదే నాకు బాగా నచ్చింది.

ఎందుకంటే అంతకుముందు నా రిటర్ను వేసే పెద్దాయన ప్రశ్నలతో ప్రాణం తీసేవాడు. బెల్లం మార్కెట్ రోడ్డులో ఒక కొట్టు పైన ఆయన గది. వ్యాపారుల లెక్కలు చూసి చూసి మనిషి కూడా లెక్కల పుస్తకం లాగే తయారయ్యాడు. ఏం చెప్పినా "రసీదు తెచ్చేరా బాబూ?" అనేవాడు. ఒకసారి ఇంటి అద్దె రాయమన్నాను. ఓనరు రసీదు ఇవ్వలేదు మరి. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "రాయమంటే రాయొచ్చు. కానీ రేపు అడిగేది మిమ్మల్ని, నన్ను కాదు. అందుకే రాయను" అన్నాడు. నా డబ్బు నేను అడుగుతుంటే దొంగని చూసినట్టు చూస్తాడేమిటని నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

లాప్‌టాప్ అతను వేసిన రిటర్నుకి మూడు వారాల్లో రిఫండు వచ్చింది. వాషింగ్ మెషిన్ కొన్నాను. అమ్మ తన చీరలు అందులో వేయనివ్వదు, అది వేరే గొడవ.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే కూర్చునుంది, చేతిలో ఒక కవరు. పోస్టుమాన్ ఇస్తే సంతకం పెట్టి తీసుకుని, పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి చేత చదివించుకుంది.

"ఏట్రా, నాకు కాలో సెయ్యో పడిపోయిందంట గదా. నాకొక మాట సెప్పొద్దా?" అంది.

ముందు నాకు నవ్వొచ్చింది. కాగితం చదివాక నవ్వు పోయింది. వైకల్యం గల తల్లి పేరు మీద పన్ను తగ్గించుకున్నారు కదా, డాక్టరు సర్టిఫికెట్ పదిహేను రోజుల్లో చూపించండి అని అందులో ఉంది. లాప్‌టాప్ అతనికి ఫోన్ చేస్తే స్విచాఫ్. పోర్టల్‌లో చూస్తే నా ఫోన్ నంబరు, నా మెయిలు తీసేసి తనవి పెట్టుకున్నాడు. నాకు రావాల్సిన మెసేజీలన్నీ ఇన్నాళ్ళూ అతనికే పోయాయన్నమాట.

మర్నాడు బస్సులో విచారిస్తే సగంమంది అమ్మలకి నడక లేదు, మిగతా సగంమంది నాన్నలకి చూపు లేదు. పక్క సీటాయన మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. "సర్టిఫికెట్ ఇప్పించే బ్రోకరున్నాడు బావా. మీ అమ్మని ఓ పాలి తీసుకెల్లి సూపిత్తే సాలు. కొంచెం కుంటమను" అన్నాడు. మనసులో వాణ్ణి తిట్టుకున్నాను. కానీ పరవాడ చేరేలోపల లెక్కలు వేస్తూనే ఉన్నాను. రిఫండు వడ్డీతో కట్టి, పైన పెనాల్టీ కూడా పడితే, పాప ఇంటర్ ఫీజుకని దాచింది మొత్తం పోతుంది. సిగ్గుగా ఉన్నా చెప్తున్నాను, ఆ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని నసిగాను.

"అమ్మా, నీకు అప్పుడప్పుడూ మోకాలు నొప్పి వస్తుంది కదా?"

ఆవిడ నాకేసి ఒక నిమిషం చూసింది. "ఎప్పుడెల్లాలి?" అంది. అంతే, ఇంకేం అడగలేదు.

మర్నాడు పొద్దున్న పెళ్ళిళ్ళకి కట్టుకునే చీర కట్టుకుని, గోడ పట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఇలాగ సాలా, ఇంకా కుంటాలా?" అని అడిగింది. మొహంలో ఎగతాళి లేదు. అప్పుడే పక్కింటి అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. ఆ అమ్మాయిని చూసి కూడా అమ్మ నిటారుగా నిలబడలేదు. "కాలు పట్టేసిందమ్మా" అంది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా నాకేటి అనే మనిషి. నా గుండె కలుక్కుమంది. గుండె కలుక్కుమంటే నాకు కోపం వస్తుంది, అది నా తత్వం.

"నిన్నెవరు కుంటమన్నారు?" అని అరిచాను.

"నువ్వే గదా" అంది.

పక్కింటి అమ్మాయి జారుకుంది. నేను కుర్చీలో కూలబడ్డాను. "నీకు మనిషిని ఎంచుకోడం రాదురా" అంది అమ్మ. "మన సెరుకు బెల్లం దిమ్మలు నాను ఎవరి కొట్లో ఏత్తాను? అంచు ఇరిసి నోట్లో ఏసుకుని, ఉప్పు తగిలింది, రంగు లేదు అని మొకం మీద సెప్పీసినాయన కాడే గదా. ఏది తెచ్చినా బాగుందన్నోడి గడప నానెప్పుడైనా తొక్కేనా? నీ లెక్కలు రాసిన ఆ ముసిలాయన నిన్నేటన్నాడు?"

"రసీదు లేకపోతే రాయనన్నాడు."

"మరింకేటి. పద."

పెద్దాయన కాగితం రెండుసార్లు చదివాడు. నేను చెప్పలేదా అంటాడని కాచుకుని కూర్చున్నాను. అనలేదు. ముందు పోర్టల్‌లో నా నంబరు తిరిగి పెట్టించాడు. పాస్‌వర్డు మార్పించి, "నాక్కూడా చెప్పకండి" అన్నాడు. తర్వాత ఒక్కొక్క తగ్గింపూ అడిగాడు. ప్రావిడెంట్ ఫండు నిజం. ఇన్సూరెన్సు నిజం. పాప స్కూలు ట్యూషన్ ఫీజు మాత్రం లాప్‌టాప్ అతను వేయనే లేదు. మా అమ్మకి వైకల్యం తెప్పించే హడావిడిలో నాకు న్యాయంగా రావాల్సింది వదిలేశాడు. రసీదులు తెస్తే అది అడిగి చూద్దామన్నాడు. తప్పు ఒప్పుకుంటూ జవాబు రాద్దామన్నాడు. పెనాల్టీ పడదు కదా అంటే, "పడదని నేను చెప్పలేను బాబూ" అన్నాడు. రెండేళ్ళ కిందట ఈ మాటకే లేచి వచ్చేసేవాణ్ణి. ఆ రోజు ఆ మాటే నాకు ధైర్యంగా అనిపించింది.

పన్ను వడ్డీతో సహా కట్టేశాను. కాలేజీలో బతిమాలుకుంటే పాప ఫీజు రెండు వాయిదాల్లో కట్టమన్నారు. పెనాల్టీ సంగతి ఇంకా తేలలేదు. ఇవన్నీ ఎలాగో సర్దుకుంటాయి. నేను మరిచిపోలేనిది ఆ గదిలోనే ఇంకొకటి జరిగింది.

జవాబు రాయబోతూ ఆయన కలం ఆపి, మర్యాదకి అమ్మని కూడా ఒక మాట అడిగాడు. "ఏమ్మా, మీ కాళ్ళు బాగానే ఉన్నాయి కదా?"

అమ్మ నాకేసి చూసింది. ఏం చెప్పమంటావు అన్నట్టు చూసింది.

"బాగున్నాయని చెప్పమ్మా" అన్నాను.

"బాగున్నాయి బాబూ" అంది.

నేను తల అడ్డంగా ఊపి ఉంటే మా అమ్మ ఆ మెట్లు కుంటుకుంటూ దిగేది. మా వీధిలో బతికినంత కాలం కుంటేది, ఎందుకని నన్ను ఒక్కసారి కూడా అడిగేది కాదు.