గంప అడుగు చేపలు

"ఆ బురద కడిగేదెవరమ్మా?"

ట్రాలర్ల యజమానుల వకీలు పొలుసక్కను కోర్టులో అడిగిన ప్రశ్న ఇది. గొంతు పెంచలేదు, వేలు చూపించలేదు. పొరుగింటికి వెళ్లి మంచినీళ్లు అడిగినంత మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదకే ఆమె పడిపోయింది.

పొలుసక్క వీధుల్లో తిరిగి చేపలమ్ముతుంది. ముంజేతుల మీద ఎప్పుడూ నాలుగు పొలుసులు అంటుకుని మెరుస్తుంటాయి కాబట్టి ఆ పేరు. భర్త పోయినప్పటినుంచీ అదే గంప, అవే గుమ్మాలు. తమ్ముడికి చిన్న పడవ ఉంది. అతని వలలో పడింది ఆమె గంపలోకి వచ్చేది, ఆమె అమ్మిన డబ్బు రెండిళ్లకూ చేరేది.

సముద్రం అడుగున వల ఈడ్చే పెద్ద మరపడవలు, అంటే ట్రాలర్లు, తీరానికి ఐదు మైళ్ల లోపు రాకూడదని చట్టం. చట్టం కాగితం మీదే ఉండిపోయింది, ట్రాలర్లు మాత్రం లోపలికి వచ్చేశాయి. సముద్రం అడుగు మట్టితో సహా ఊడ్చుకుపోతుంటే చిన్న పడవల సంఘం కోర్టుకెక్కి, తీర్పు వచ్చేదాకా అయినా వాటిని ఆపమంది. మమ్మల్ని ఆపితే మా చేప మీద బతికే గంపలవాళ్లు పస్తులుంటారని యజమానులు వాదించారు. అది అబద్ధమని చెప్పడానికి ఒక గంపమనిషి కావాలి. సంఘం పొలుసక్కను ఎంచింది.

పేదవాళ్లు సాక్ష్యానికొస్తే మనసు కడిగిన ముత్యంలా, వేషం పేదగా ఉండాలని మనకో ముచ్చట. సంఘం వకీలుకూ అదే ముచ్చట. "కొత్త బట్టలు వద్దమ్మా. గంప తెచ్చుకోండి" అన్నాడు. తెచ్చింది. కోర్టు గుమ్మం దగ్గర జవాను ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటమ్మా, ఈ కంపుకి జడ్జిగారు లేచిపోతారు."

"నాతోనా నాయనా? ఈ వయసులోనా?"

వరండా అంతా నవ్వింది. గంప బయటే ఉండిపోయింది.

బోనులో పొలుసక్క, తాను అమ్మేది చిన్న పడవల చేపేనని ప్రమాణం చేసి చెప్పింది. ట్రాలర్ చేపను ఎలా గుర్తుపడతారని సంఘం వకీలు అడిగాడు.

"అదేముంది బాబూ, గుడ్డివాడైనా చెబుతాడు. బరువు కింద నలిగి పొట్ట మెత్తబడిపోద్ది. పొలుసు రాలిపోద్ది. అడుగు గీక్కుంటూ లాగుతారు కదా, మొప్పల్లో బురద దిగుద్ది."

ముందు వరుసలో తమ్ముడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు, చూశావా మా అక్క అన్నట్టు.

అప్పుడు లేచాడు అవతలి వకీలు. "బురద చేప ఎవరూ కొనరు కదా. ఆ బురద కడిగేదెవరమ్మా?"

"మేమే బాబూ. ఉప్పునీళ్లలో రెండుసార్లు ముంచాలి. అయినా పోదు, మొప్ప కింద వేలు పెట్టి తియ్యాలి. తీశాక పడవ చేపలు నాలుగు పైన పరిస్తే..."

అక్కడ ఆగింది. పని వచ్చినవాళ్లకు ఉండే జబ్బే ఇది, పని గురించి అడిగితే నోరు ఆగదు. వకీలు ఇంకేమీ అడక్కుండా కూర్చున్నాడు. తమ్ముడు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

రెండేళ్లుగా తమ్ముడి వల ఖాళీగా వస్తోంది. గంప నిండకపోతే గుమ్మాలు మరొకరి పాలవుతాయి. రేవులో ట్రాలర్ల ఏజెంటు చేపల పెట్టెలు అరువిస్తానన్నాడు. ఆమె తీసుకుంది, ఎవరికీ చెప్పలేదు.

బతకలేక చేసింది, తప్పేముంది అని ఓదార్చేవాళ్లకు కొదవ లేదు. ఆ ఓదార్పు ఆమెకు అక్కర్లేదు. గంప అడుగున ఉన్నవి జానెడైనా ఎదగని చేపపిల్లలనీ, వదిలేస్తే పెరిగి తమ్ముడి వలకు వచ్చేవనీ తెలిసే కడిగింది. పైన పరిచినవి తమ్ముడి చేపలే.

కోర్టు బయట తమ్ముడు గంప తానే ఎత్తుకున్నాడు. వీధి మలుపు తిరిగాక అన్నాడు:

"గంప నిండకపోతే నన్నడగొచ్చు కదక్కా."

"నీ దగ్గరుంటే కదరా."

"పోనీ చెప్పొచ్చు కదా. నీ బదులు ఇంకొకర్ని పంపేవాళ్లం."

చాలా రోజుల తర్వాత మరదలితో అంది: "సంఘంవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, నువ్వయితేనే బాగుంటుందక్కా అన్నారే. జన్మలో ఎవరన్నారు ఆ మాట? ఆ మురిపెంలో నోరు మూసుకున్నా. మూసుకోవాల్సిన చోట తెరిచా."

కోర్టు ట్రాలర్లను ఆపలేదు. గంపలవాళ్ల బతుకు వాటితో ముడిపడి ఉందని సంఘం సాక్షి మాటల్లోనే తేలిందని ఉత్తర్వులో రాశారు. అసలు కేసు నడుస్తూనే ఉంది. ఈలోగా ఒక ట్రాలర్ తమ్ముడి వలను కూడా ఈడ్చుకుపోయింది. సంఘంలో ఎవరూ పొలుసక్కను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే తేలికయ్యేది. ఆమె రాగానే కబుర్లు ఆపి, వాతావరణం గురించి మాట్లాడతారు.

ఇప్పుడామె ఏజెంటు పెట్టెలు తీసుకోదు; గంపలో సగమే సరుకుంటుంది, అదీ వేరే చిన్న పడవలది. బేరానికి ముందే, "అడుగు కూడా చూసుకోమ్మా" అంటుంది. కొందరు చేప ఎత్తి నిజంగానే చూస్తారు. వాళ్లు చూస్తున్నంతసేపూ ఆమె వీధి చివరికి చూస్తూ నిలబడుతుంది.

ట్రాలర్ల ఏజెంటుకు మూడు పెట్టెల చేపల డబ్బు ఇంకా బాకీ ఉంది.