పొరుగింట్లో దాచిన హార్డ్ డ్రైవ్

2010లో అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఉండగా మా ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోవడం మొదలుపెట్టింది. మా వారు రఘునందన్, వాళ్లమ్మ చేత పాడించి రికార్డు చేసుకున్న మంగళహారతులు అందులోనే ఉన్నాయి. అత్తయ్య అప్పటికే పోయారు. అవి పోతే మళ్లీ రావు.

ఆఫీసులో సర్వర్లు చూసుకునే ఆయన, ఆ పాటల్ని దాచడానికి చిన్న హార్డ్ డ్రైవ్ ఒకటి ఎంచుకోలేకపోయారు. షాపులో పెట్టె చేతిలోకి తీసుకుని, ఫోన్‌లో రివ్యూలు చదివి, మళ్లీ అరలో పెట్టేసేవారు.

"ఒకడు ఏళ్ల తరబడి వాడుతున్నానంటాడు. ఇంకొకడు నెలకే పోయిందంటాడు. ఇద్దరిదీ ఇదే మోడల్. ఎవణ్ణి నమ్మాలి, చెప్పు?"

"అసలు పాడవనిది ఉంటుందా?"

"ఉండదు. అదే నా బాధ."

"అయితే రెండు కొనండి. మన తోడు పెరుగు పాడైతే పక్కింటి జాహ్నవి వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకోలేదూ? ఆ అమ్మాయికి మనం ఇచ్చిందేగా అది."

"పెరుగుకీ దీనికీ లింకేంటే?" అన్నారు. అంటూనే వేర్వేరు కంపెనీలవి రెండు కొన్నారు. పాటలు రెండింటిలోకీ ఎక్కించి, ఒకటి జాహ్నవి చేతికిచ్చి, "ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకమ్మా" అన్నారు.

ఆయన పోయాక ఒకరోజు మా ఇంట్లో డ్రైవ్ తెరుచుకోలేదు. జాహ్నవి ఇంటికి వెళ్లి, తన దగ్గరున్న డ్రైవ్ పెట్టించాను. అత్తయ్య పాటకు ముందు, "అమ్మా, కాస్త దగ్గరికి జరుగు" అని ఆయన గొంతు వినిపించింది.

దాన్ని కాపీ చేయడానికి ఇంకో డ్రైవ్ కావాలి. షాపులో అదే అర ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏది తీసుకోవాలో నాకూ తెలియలేదు.