డూపు సెంటు

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను బొబ్బిలిలో బడికి బయల్దేరుతున్నాను. నిన్నటిదాకా చేపలమ్మిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయిందన్నాడు. ఊరెళ్లే బస్సులో కూర్చున్నంతసేపూ ఆవిడ వాసన గుర్తు తెచ్చుకోవాలని చూశాను. దొరికినట్టే దొరికి జారిపోతోంది. నవ్వకండి, నాకు భయమేసింది.

మా ఇంట్లో పెరిగిన పిల్లలం ఆవిణ్ణి వాసనతోనే పోల్చుకునేవాళ్లం. సముద్రం ఒడ్డు మనుషులం, నీసు మాకు కొత్త కాదు. ఆవిడ దగ్గర నీసుతోపాటు ఓ సెంటు వాసన కూడా ఉండేది. విజయనగరంలో ఫ్యాన్సీ షాపులో కొనేది. ఏదో ఖరీదైన విదేశీ సెంటుకి నకలట. షాపతను "ఇది దానికి డూపమ్మా" అన్నాడట. మా అత్తకి డూపంటే సినిమాలో హీరో బదులు మేడ మీంచి దూకేవాడు. సెంటు పేరే అదనుకుని, ఆ తర్వాత ఎప్పుడెళ్లినా "బాబూ, డూపు సెంటియ్యి" అనే అడిగేది.

డబ్బా మీద ఐరిస్ అని ఉంది. ఓసారి ఫోన్లో చూసి, "అత్తా, అది పూల మొక్కే గానీ ఈ వాసన పువ్వుది కాదట, ఎండబెట్టిన దుంపదట" అని చెప్పాను. ఆవిడ మూత తీసి మళ్లీ వాసన చూసింది.

"దుంపకి పసిపిల్ల పౌడరు వాసనేటే కోడలా? నీ ఫోనుకి మతి పోనాది."

నీళ్లలా ఉన్నదానికి పౌడరు వాసన ఎలా వస్తుందో నాకూ అంతుపట్టలేదు.

పెళ్లికెళ్తే అది పూసుకునేది కాదు. తెల్లారి చేపల రేవుకి వెళ్లేటప్పుడే మెడకింత, పైటచెంగుకింత. నీసులో సెంటెవరికి తెలుస్తుందత్తా అంటే, "ఈరో గారు దర్జాగా కూకుంతాడు, దెబ్బలు తినేది డూపే కదేటి. దీన్ని పనికే తీసుకెల్లాల" అనేది. సరదాకి అనేదో, మనసులో ఇంకేమైనా ఉండేదో. చేపల గంపతో బస్సెక్కితే జనం ముక్కు మూసుకుంటారని పూసుకునేదని మా అమ్మ అంటుంది. అలాగైతే బస్సెక్కే ముందు పూసుకోవాలి గానీ రేవుకెందుకు? నాకిప్పటికీ తెలీదు.

పెద్దకర్మ నాడు ఆవిడకిష్టమైనవన్నీ విస్తట్లో పెట్టారు. "సెంటు సీసా కూడా పెట్టక్కా, లేకపోతే కాకి ముట్టదు" అన్నాడు తమ్ముడు. నేనివ్వలేదు. కాకి వెంటనే వచ్చి ముట్టింది. సంతోషించాలో బాధపడాలో తెలియక లోపలికెళ్లి సీసా మూత తీశాను. మెత్తటి పౌడరు వాసన, బాగానే ఉంది, కానీ అందులో ఆవిడ లేదు. చీరలు తీసి చూస్తే అన్నీ ఉతికేశారు, సబ్బు వాసన. "అత్తా, నువ్వెక్కడున్నావే" అని గట్టిగానే ఏడ్చాను.

మర్నాడు తెల్లారి మెడకింత, చెంగుకింత పూసుకుని రేవుకెళ్లాను. పడవలప్పుడే వచ్చాయి. గంపల మధ్య, ఆవిడ రోజూ కూర్చునే చోటుకెళ్లి నిలబడ్డాను. నీసు, ఉప్పుగాలి, వాటి వెనకాల మెల్లగా పౌడరు. అంతే, మా అత్త వచ్చేసింది.

ఎన్నో ఏళ్లుగా ఆవిడ పక్కనే గంప పెట్టుకునే ముసలమ్మ తల వంచుకుని చేపలు ఏరుకుంటోంది. నా వైపు చూడనైనా లేదు. చేత్తో తన గంప పక్కకి జరిపి చోటిచ్చింది.

"ఏటే, ఇయ్యాల ఇంత లేటైపోనావు?"