ఎరగమన్న వీధి

మొన్న హిందూపురం నుంచి రైల్లో వస్తుంటే ధర్మవరంలో ఇద్దరు పోలీసులు ఎక్కి అందరి కార్డులూ అడిగారు. నా పక్కన కూర్చున్న కుర్రవాడు అడిగినదానికల్లా జవాబు చెప్పి, అడగని ఫోను నంబరు కూడా ఇచ్చి, హాయిగా మళ్లీ పాటలు వినడంలో పడ్డాడు. నాకు మాత్రం ఇంత వయసొచ్చినా ఖాకీ బట్ట కంటబడితే నోరు పెగలదు. మన ఈడువాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. చైనాతో యుద్ధం నాటి ఆ రోజుల్లో ఎర్రజెండా మాట ఎత్తినవాళ్లను విచారణ అన్నది లేకుండా లోపల వేస్తుంటే, పక్కన నడిచే మనిషిని కూడా నమ్మకుండా బతికినవాళ్లం కదా.

అప్పుడు నేను పెనుకొండలో ఒక పెద్ద వకీలు గారి దగ్గర జూనియరుని. కోటు కొత్తది, కేసులు లేవు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒకాయనను, నేతగాళ్ల సంఘంలో గట్టిగా మాట్లాడాడని పట్టుకుపోయి, రైళ్లు మారి మారి పోవలసినంత దూరపు జైల్లో పెట్టారు. ఆయన భార్య అప్పటికే తొలికాన్పుకు పుట్టిల్లు పరిగికి వెళ్లి ఉంది. ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డను ఒక్కసారి కళ్లజూడాలని ఆయన పెట్టుకున్న అర్జీ తిరిగివచ్చింది. విచారణలో ఆయనకు భార్యాబిడ్డలు ఉన్నట్టే తేలలేదట, ఇక చూడనిచ్చేది ఎవరిని? మా సీనియరు ఆ పని నా నెత్తిన పెట్టారు. పెద్దవాళ్లు తమకు అంటకూడదనుకున్నవే జూనియర్లకు ఇస్తారని నా అనుమానం. మా నాయనకైతే నేనే ఆ పార్టీలో చేరిపోయానని అనుమానం, నేను లేనప్పుడు నా పెట్టె కూడా వెతికాడు.

ధర్మవరం వెళ్తే గానీ అసలు సంగతి తెలియలేదు. విచారణకు వచ్చిన జవాను ఆ ఇంటికి వేసిన తాళం చూసి ఇరుగుపొరుగును అడిగితే, వీధి వీధంతా ఒకే మాట చెప్పింది: ఆయనకు సంసారమే లేదు, వచ్చేవాళ్లు లేరు పోయేవాళ్లు లేరు, మేమేమీ ఎరగం. భార్య ఉందంటే ఆమెనూ తీసుకుపోతారని వాళ్ల భయం. కాపాడుతున్నామనుకుని ఆయన కాపురాన్నే లేకుండా చేసేశారు. నేనెంత నచ్చజెప్పినా నా ప్యాంటూ తోలుసంచీ చూసి, మఫ్టీలో వచ్చిన సి.ఐ.డి. అనుకున్నారు. మంచినీళ్లు ఇచ్చారు గానీ మాట ఇవ్వలేదు. ఎదురింటి అవ్వ అయితే నా చెప్పుల వంక చాలాసేపు చూసి, అవి పోలీసు చెప్పులో కావో తేలకనేమో, తలుపు వేసుకుంది.

పరిగిలోనూ అదే వరస. ఆమె తల్లి నన్ను గడప తొక్కనివ్వలేదు. "ఏమప్పా, యాడ నుంచి వస్తాండావు? నిన్ను పంపిచ్చింది ఎవురు? మా అల్లున్ని తీసకపోయిండేదీ నీ మాదిరి ప్యాంటోళ్లే" అంది. అయిదో నెల రాకుండా బాలింతను ఊరు దాటించేది లేదని కూడా అంది. ఇంతలో కూతురే బిడ్డను భుజాన వేసుకుని బయటికి వచ్చి, "నేను వస్తానన్నా. నన్ను చూస్తే మా వీధోళ్లు చెప్పకుండా ఉంటారా?" అంది. ఆ నమ్మకం చూసి నాకూ ధైర్యం వచ్చింది.

పై ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి మళ్లీ విచారణకు ఒప్పించాను. ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, బిడ్డతో ఆమె, నేను కలిసి ఆ వీధికి వెళ్లిన పొద్దున, నేతవాళ్లు వీధి పొడవునా పడుగు సాగదీసి, తలా ఒక చేయి వేసి పోగులు సరిచేసుకుంటున్నారు. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరినే అడుగుతూ పోయాడు. ఆమె చేతి అన్నం తిన్నవాళ్లు, సీమంతానికి ఆమెకు గాజులు తొడిగినవాళ్లు, పోగుల మీద నుంచి తల ఎత్తకుండా ఈమె ఎవరో ఎరగమన్నారు. అవునంటే ఆమెనూ అక్కడికక్కడే బండి ఎక్కిస్తారని వాళ్ల లెక్క. చివరికి ఎదురింటి అవ్వ కూడా ఆమె మొహంలోకి చూస్తూనే, "ఈ పిల్లను నేను యాడా చూల్లేదు సామీ" అంది. ఆమె ఏడవలేదు. బిడ్డను ఈ భుజం మీద నుంచి ఆ భుజానికి మార్చుకుంది. నాకు ఆ వీధి మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఇన్‌స్పెక్టరు పెన్ను జేబులో పెట్టుకుని వెనుదిరిగాడు. ఆమె కూడా తిరగబోతుంటే గాలికి తలమీది కొంగు జారిపోయింది. వెనక నుంచి అవ్వ కేక వేసింది: "ఏమే, బాలింతరాలివి, చెవులకు గుడ్డ కట్టుకోకుండా ఈ గాలికి వచ్చినావే, బుద్ధుండాదా నీకు? పా, లోపలికి పా!"

ముక్కూమొహం తెలియని పిల్లను ఎవరూ అంత హక్కుగా తిట్టరు. అవ్వ నాలుక కరుచుకుంది గానీ ఇక దాచి లాభం లేదనుకుని, "మా ఎదురింటి కోడలే సామీ, ఆ బిడ్డ వాళ్ల బిడ్డే, ఏం చేసుకుంటావో చేసుకో" అంటూ వచ్చి ఆమె చేయి పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు పెన్ను మళ్లీ బయటికి తీసి అక్కడే అరుగు మీద కూర్చున్నాడు. ఆయనను కూడా నేను చివరిదాకా అనుమానించాను, కానీ ఉన్నది ఉన్నట్టే రాశాడు.

అనుమతి వచ్చింది, నేనే వాళ్లను తీసుకువెళ్లాను. జైల్లో ఆయన బిడ్డను ఒడిలో పెట్టుకుని చిన్ని వేళ్లు నిమురుతుంటే, ఆమె ఆ పొద్దున జరిగినదంతా చెప్పింది. ఆయన పకపకా నవ్వి, "మా వీధంటే అదీ!" అని పొంగిపోయాడు. ఆమె బిడ్డను ఆయన ఒడిలోంచి తీసుకుంది.

విడుదలయ్యాక ఆయన ధర్మవరం పోదామన్నాడు, ఆమె రానంది. తన మేలుకే అన్నారని ఆమెకు తెలియక కాదు; తెలిసినా, మొహం చూస్తూ ఎరగమన్న మనుషుల మధ్య మళ్లీ నీళ్లు తోడుకోలేనంది. పరిగిలోనే మగ్గం పెట్టుకున్నారు. పట్టు కోసం ధర్మవరం వెళ్లినప్పుడల్లా ఆయన ఆ వీధిలో కాసేపు కూర్చుని వచ్చేవాడని, అవ్వ బతికినన్నాళ్లూ బిడ్డ ఎంతెత్తు పెరిగిందో అడిగేదని విన్నాను.

ఆ వీధి చేసింది తప్పో ఒప్పో నేనిప్పటికీ తేల్చుకోలేను. అందరం అందరినీ అనుమానించిన ఆ పాడుకాలం మళ్లీ రావాలని ఎవరు కోరుకుంటారు? అయినా ఒక్కోసారి బెంగగా ఉంటుంది. రేపు ఎవరైనా వచ్చి నా గురించి అడిగితే, ఇప్పుడు నేనుంటున్న అపార్ట్‌మెంటులో ఎదురింటివాళ్లూ ఎరగమనే చెబుతారు. అది అబద్ధం కాదు.