ఫిట్టర్ మామ చుట్టిన అడుగుదారం

ఫిట్టర్ మామ పోయాడు. ఆ కబురు నాకు ఫోన్లో రాలేదు. పొద్దున్నే మిషన్ ముందు కూర్చుని బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుడుతున్నాను. పక్కింటి అత్త చెప్పులు కూడా లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. "మీ మామ లేస్తలేడు బిడ్డా. చాయ్ చల్లగైపాయె. జర వచ్చి చూడు" అంది. వెళ్ళాను. గోడవైపు తిరిగి, మోచెయ్యి తలకింద పెట్టుకుని, రోజూ పడుకున్నట్టే ఉన్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను. చూసి అత్తవైపు తిరిగాను. నేనేమీ అనకముందే ఆమె నేలమీద కూలబడింది.

ఆయన నాకు చుట్టం కాదు. కన్నడ సీమలోని ఈ యరమరస్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ, అంతే. వయసులో ఉన్నప్పుడు పత్తి మిల్లులో ఫిట్టరు. ఆ తర్వాత ఇక్కడ కరెంటు ప్లాంటు కడుతుంటే అందులో చేరాడు. మిల్లులో ఉండగా ఎడమచెయ్యి బెల్టులో పడి రెండు వేళ్ళకు స్పర్శ పోయింది. అయినా ఆయన బిగించిన బోల్టు వదులైందని మా వీధిలో ఎవరూ అనగా వినలేదు. మోటార్లు, మిక్సీలు, నా కుట్టుమిషన్, అన్నీ ఆయన చేతిమీదే నడిచేవి. కూలి అడిగేవాడు కాదు. పోయేటప్పుడు నా మిషన్ కింద పడి ఉన్న గుడ్డపేలికలు దోసిలితో తీసుకుని సంచిలో వేసుకునేవాడు, చేతులకంటిన గ్రీజు తుడుచుకోవడానికి. "నీ దుకాణంల నాకు కావల్సింది గిదే" అనేవాడు.

నేను ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. ఆయన బతికుండగా చెప్పాల్సిన మాట ఒకటి నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే వినడానికి మనిషి లేడు.

ప్లాంటు కట్టే రోజుల్లో మిషన్లు బిగించడానికి ఏదో చలిదేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడట. ఆదివారం వస్తే చేపలు పడుతూ ఆయనకు కృష్ణ ఒడ్డే ఇల్లు. ఫిట్టర్ మామ తన మోపెడ్ మీద దింపి, పక్కనే కూర్చుని చూసేవాడు. ఎర లేదు, సీసపు గుండు లేదు. గాలానికి కోడి ఈకలతో కట్టిన ఉత్త ఈగ. దూదిపింజంత బరువు కూడా లేని ఆ ఈగ నది మధ్యకు ఎలా పోతోందో మామకు నాలుగు వారాలు అర్థం కాలేదట. ఐదో వారం తెలిసింది. బరువు గాలంలో లేదు, దారంలోనే ఉంది. ముతకగా, నున్నగా, నారింజ రంగులో ఉండే ఆ దారమే కొరడాలా గాలిలో సాగి, ఈగను మోసుకుపోయి నీళ్ళమీద దింపుతుంది. పని ముగిసి వెళ్ళిపోయేటప్పుడు ఆ ఇంజనీరు తన గాలపు రాడ్డూ, దారం చుట్టే రీలూ మామ చేతిలో పెట్టి వెళ్ళాడు.

అది మామ ప్రాణం. ఇంట్లో దేవుడి పటాల పక్కన మేకుకు వేలాడేది. నదికి పోయేటప్పుడు అత్త జొన్నరొట్టెలు కట్టుకుని వెంట వెళ్ళేది. కొన్నాళ్ళకు నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. ఇంట్లో కూర్చుని కుట్టి కుట్టి నడుం పట్టేసేది, ఆ గాలికైనా పోదామని.

ఆ రీలులో పైకి కనిపించే బరువు దారం ముప్పై గజాల లోపే. దాని కింద సన్నటి తెల్లదారం ఇంకా బోలెడు పొడవు చుట్టి ఉంటుంది. మామ దాన్ని అడుగుదారం అనేవాడు. మామూలు చేపకు అది బయటికే రాదు. పెద్ద చేప పడి పరుగు తీసి, పైదారం అంతా లాక్కుపోయినప్పుడే దాని పని. "గిది కనపడకుంటే ఫికర్ లేదు బిడ్డా. కనపడిన దినం మాత్రం కట్టినోడు యాదికొస్తడు" అనేవాడు.

రెండేళ్ళ కిందట, వానలు తగ్గాక, దారాలు రెండూ విప్పి, కడిగి, ఆరేశాడు. సన్నదారం చుట్టడం ఆయన మొద్దుబారిన వేళ్ళతో అయ్యే పని కాదు. రీలు ఇరుసుకు ఉరిముడి మాత్రం తానే వేసుకుని, "ముడి ఏసిన. ఇగ నువ్వు చుట్టు. దారం సంగతి నీకు నేను చెప్పాల్నా?" అంటూ నాకు ఇచ్చాడు.

నాకు ఒళ్ళు పొంగింది. నిజమే కదా, దారం సంగతి నాకొకరు చెప్పాలా? అప్పుడు పండగ కుట్లు నెత్తిమీద ఉన్నాయి. చూస్తే ఆయన వేసిన ముడి బఠాణీ గింజంత బొడిపెగా ఉంది. దానిమీద దారం చుడితే ఎత్తుపల్లాలుగా వస్తుంది. కుట్టేవాళ్ళకు బొడిపె కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కత్తెర తీసి టక్కున కత్తిరించేశాను. మళ్ళీ ముడి వెయ్యలేదు. కుట్టుమిషన్ బాబిన్‌కు ఎవరైనా ముడి వేస్తారా? కొస మీద నాలుగు చుట్లు తిప్పితే దారం దాన్నదే పట్టుకుంటుంది. అలాగే చుట్టాను. నున్నగా, అద్దంలా వచ్చింది. మామ చూసి, "మిల్లుల చుట్టినట్టే ఉన్నది పో" అని మెచ్చుకున్నాడు.

ఆ ఆదివారమే ఆ చేప పడింది.

ఏం చేపో ఎవరమూ చూడలేదు. బండల మధ్య మడుగులో నీళ్ళు ఒక్కసారి ఉబ్బాయి, రాడ్డు విల్లులా వంగింది. నారింజ దారం సర్రున పోయింది. తెల్లదారం బయటపడింది. "వచ్చె! అడుగుదారం వచ్చె!" అని మామ చిన్నపిల్లాడిలా అరిచాడు. ఇన్నేళ్ళలో అది బయటికి రావడం అదే మొదటిసారట. రీలు తిరుగుతోంది, తిరుగుతోంది, మేము నవ్వుతున్నాం. అంతలో కొస టప్పున జారి, రాడ్డు చివరి వలయం దాటి నీళ్ళలోకి పోయింది. చేప పోయింది, దారాలు పోయాయి. ఖాళీ రీలు ఇంకా తిరుగుతూనే ఉంది.

మామ దాన్ని ఆపాడు. బొటనవేలితో ఇరుసు తడిమాడు. తర్వాత తన ఎడమచేతి రెండు వేళ్ళవైపు చాలాసేపు చూసుకున్నాడు.

"ఏమాయె?" అంది అత్త.

"నా ముడే జారింది."

"ముసలితనమొచ్చె, ముడి ఏసుడు మరిసిపాయె" అని అత్త మొత్తుకుంది.

నేను రొట్టెల మూట విప్పుతూ తల దించుకున్నాను. ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే అయిపోయేది. తెరవలేదు. మరుసటి రోజుకల్లా వీధంతా తెలిసింది. ఫిట్టరు ముడే జారిందట అని చాయ్ హోటల్ దగ్గర నవ్వులు. మోటారు బిగించి వస్తుంటే, "మామా, గిదన్న గట్టిగ బిగిచ్చినవా?" అని వేళాకోళాలు. ఆయన కూడా నవ్వేవాడు. నాకు మాత్రం లోపల భగ్గుమనేది. ఆ మాటలు నన్ను అనాల్సినవి.

చెప్పబోయాను, చెప్పకేం. ఒకసారి, "మామా, ఆ దినం నదికాడ..." అని మొదలుపెట్టాను. "రొట్టె సల్లగైతది, ముందుగాల తిను" అన్నాడు. ఇంకోసారి మాట ఎత్తబోతే మిషన్ పట్టీ వదులైందంటూ దాని కిందికి దూరాడు. ఆ తర్వాత నాకు ధైర్యం చాలలేదు. తన చేతులే మోసం చేశాయని ఆయన నమ్ముతున్నాడేమో, ఆ రెండు వేళ్ళను తిట్టుకుంటున్నాడేమో అని మాత్రం లోలోపల కుమిలేదాన్ని.

ప్రాయశ్చిత్తంలాగా ఫోన్లో కొత్త దారం తెప్పించాను. ఎనిమిదో నంబరుది, నీళ్ళలో మునిగే రకం. బరువు ఎక్కువైతే ఇంకా దూరం పోతుంది కదా అని నా తెలివి. మామ కళ్ళద్దాలు పెట్టుకుని పెట్టె మీది అక్షరాలు చూసి ఫక్కున నవ్వాడు.

"ఏంది బిడ్డా గిట్ల తెచ్చినవ్? సన్న గుడ్డకు గోనెసంచి సూది పెడతవా?"

రాడ్డు పిడికి పైన చిన్నగా రాసి ఉన్న అంకె చూపించాడు. ఆరు. రాడ్డు ఆరైతే దారమూ ఆరే ఉండాలి. తేలికైతే రాడ్డు వంగదు, బరువైతే అలసిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నీళ్ళమీద తేలే దారమే మంచిది, ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది కాబట్టి. ముందుభాగం లావుగా ఉన్నది తీసుకుంటే, చెయ్యి తిరగకపోయినా అది ముందుకు లాక్కుపోతుంది. అడుగున మాత్రం నూలు వద్దు, తడికి కుళ్ళిపోతుంది. నైలాన్ వద్దు, సాగి మళ్ళీ ముడుచుకుని రీలును నలిపేస్తుంది. అల్లిన పాలిస్టర్ దారమే ఉండాలి. ఇదంతా చెప్పి, "నాకు వద్దు. నీకు రాడ్డు తెప్పిద్దాం. నువ్వు నేర్చుకో" అన్నాడు.

నా రాడ్డూ రీలూ దారాలూ వచ్చిన రోజు మా వీధిలో పెద్ద తమాషా. అడుగుదారం ఎంత చుట్టాలో ఆయనకు కొలతలు లేవు, ఒక పద్ధతి ఉంది. ముందు బరువు దారం చుట్టించాడు. దాని కొసకు ముడేసి పైన తెల్లదారం, రీలు అంచుకు వేలి మందం కిందికి వచ్చేదాకా. అక్కడ కన్నడంలో "సాకు, సాకు", చాలు చాలు అని ఆపాడు. తెల్లదారాన్ని అక్కడే కత్తిరించి, కరెంటు స్తంభానికీ మా వేపచెట్టుకూ మధ్య రెండూ వరసలు వరసలుగా పరిచాడు. ఇక తిరగేసి, తెల్లది అడుగుకూ నారింజది పైకీ వచ్చేలా చుట్టాలి. ఒక ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి, చివరికి దిగి వచ్చి తనూ కాసేపు దారం పట్టుకున్నాడు.

తిరిగి చుట్టే ముందు మామ నా దగ్గరికి వచ్చి, "ఎర్రదారం జానెడు ఇయ్యి" అన్నాడు.

"ఎందుకు మామా?"

"గుండీ ఊడింది."

ఇచ్చాను. ఆయన తెల్లదారం కొస పట్టుకుని, రీలు తీసుకుని ఇంట్లోకి పోయాడు. గుమ్మం దాకా వెళ్ళి, నేను చేస్తానన్నాను. "నువ్వు కుట్టుకో పో" అన్నాడు. మధ్యాహ్నం అంతా ఆ ఒక్క ముడి మీదే కూర్చున్నాడు. బయటికి వచ్చేసరికి అడుగున పది చుట్లు పడి ఉన్నాయి, ముడి కనిపించలేదు. నాకు చిన్నతనమనిపించింది. నామీద నమ్మకం లేదు కాబోలు అనుకున్నాను. లేకపోతే మాత్రం తప్పేముంది అని కూడా అనుకున్నాను. మిగతా దారం తడిగుడ్డతో ఒత్తి పట్టుకుని, బిగువు చెడకుండా ఇద్దరం కలిసి చుట్టాం.

నాలుగైదు సార్లు నదికి తీసుకెళ్ళాడు. నాకు అరచేతిలో పట్టేంత చేపలే పడ్డాయి. అడుగుదారం ఎన్నడూ బయటికి రాలేదు. ఆరో ఆదివారానికి ఆయన లేడు.

మామ తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. దినాలు అయ్యాయి. నెల దాటాక ఒక సాయంత్రం అత్త వచ్చి నా మిషన్ పక్కన కూర్చుంది. మాటల్లో ఎవరో ఆమె ముందే ఆ జారిన ముడి సంగతి ఎత్తారని చెప్పుకుని ఏడ్చింది. ఇక నావల్ల కాలేదు. ముడి నేనే కత్తిరించానని చెప్పేశాను.

"ఆయనకు ఎరుకేనా?" అంది అత్త.

"తెల్వదత్తా. చేతులు పోయినయ్ అనుకునే పోయిండేమో."

అత్త కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నీ రీలుకు ముడి ఏసింది ఆయనే కదా. పట్టు. చేతులు పోయినయో లేదో చూద్దాం."

రీలు పట్టుకుని నేను గుమ్మంలో కూర్చున్నాను. అత్త దారం కొస చేతికి చుట్టుకుని స్తంభం దాకా నడిచి దాన్ని చుట్టింది, వేపచెట్టు దాకా తిరిగి వచ్చి దాన్నీ చుట్టింది, మళ్ళీ వెళ్ళింది. ఇంత తొందరగా గడప దాటిందేమిటని ఎదురింటివాళ్ళు చూశారు. ఆమె వాళ్ళవైపు చూడలేదు. నారింజ దారం అయిపోయి తెల్లది వచ్చింది. ఎక్కడా ఒకదానిలో ఒకటి కూరుకుపోకుండా చుట్టు తర్వాత చుట్టు మెల్లగా విడుతోంది. ఆమె నడుస్తూనే ఉంది.

"అయిందా బిడ్డా?" అని స్తంభం దగ్గరి నుంచి కేకేసింది.

"ఇంకా ఉందత్తా."

చివరి చుట్టు విడింది. ఇరుసు మీద ఉరిముడి. దాని వెంట ఎర్రదారం, నా మిషన్ మీది దారం, దగ్గర దగ్గరగా చుట్టి ఉంది. ఆ ఎర్రదారంతో కలిపి ఇంకో చిన్న ముక్కను కట్టాడు. పాతబడి పసుపుబారిన బొడిపె, ఒక పక్క కత్తెరతో తెగిన కొస.

నేను కత్తిరించి కింద పడేసిన ముడి అది. పేలికలతో పాటు ఆయన సంచిలోకి పోయింది. గ్రీజు తుడుచుకుంటుంటే ఎన్నడో చేతికి తగిలి ఉంటుంది. చూసి, తెలుసుకుని, దాచుకుని, వీధిలో ఆ నవ్వులన్నీ తనమీదే వేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను చెప్పనివ్వనూ లేదు.

కళ్ళు తుడుచుకున్నాను. దారం చేతికి రెండు చుట్లు చుట్టుకుని నా బలం కొద్దీ లాగాను. ముడి కదలలేదు. మళ్ళీ లాగాను. ఆ బిగువు వరసలన్నీ దాటి స్తంభం దగ్గరున్న అత్త చేతిదాకా పోయినట్టుంది. ఆమె ఉలిక్కిపడి కొసను గుండెకు ఆనించి రెండు చేతులా పట్టుకుంది.

"ఏందే? ఊడిందా?" అంది.

"ఊడలేదత్తా" అన్నాను.

ఆమె కొస వదల్లేదు. నేనూ వదల్లేదు.